అత్తయ్య అడిగిన ప్రశ్న

శ్రోతలకు నమస్కారం.

మా అత్తయ్యకు పన్నెండేళ్లుగా షుగరు ఉంది. ఎడమచేతి వేళ్ల చివర్లు చూస్తే సూది గుచ్చిన నల్లని చుక్కలే. మొన్న వేలు నొక్కి స్ట్రిప్పు మీద రక్తం పెడుతూ నన్ను అడిగింది: "కరోనా రోజుల్లో వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ ఎంతో చెప్పేసేది కదా నాయనా! షుగరుకు అలాంటిది ఎందుకు లేదు?"

చాలా మంచి ప్రశ్న. ముందు ఆ క్లిప్పు లోపలికి చూద్దాం. అందులో రెండు చిన్న దీపాలుంటాయి. ఒకటి ఎర్రని కాంతి, మరొకటి కంటికి కనిపించని పరారుణ కాంతి. రెండూ విద్యుదయస్కాంత తరంగాలే. ఈ క్షణం నా మాటను మీ ఇంటికి మోసుకొస్తున్న రేడియో తరంగాలకు దగ్గరి చుట్టాలు. ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్ రంగు వేరు, లేనిదాని రంగు వేరు. నాడి కొట్టుకున్నప్పుడల్లా వేలిలో రక్తం పెరుగుతుంది, తగ్గుతుంది. దానితోపాటు మారే కాంతిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే చర్మం, ఎముక అడ్డురావు. జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి 1970ల మొదట్లో పట్టుకున్న కిటుకు ఇదే. ఎన్ని ప్రాణాలు నిలిపిందో!

మరి గ్లూకోజ్? దానికి రంగు లేదు. పైగా ఉన్నదే కొంచెం. లీటరు రక్తంలో హీమోగ్లోబిన్ సుమారు 140 గ్రాములుంటే, ఆరోగ్యవంతుడికి పరగడుపున గ్లూకోజ్ దాదాపు 1 గ్రాము. ఒంట్లో ఐదు లీటర్ల రక్తముందనుకుంటే, మొత్తానికీ ఒక టీచెంచా పంచదార. మళ్లీ చెబుతున్నాను, ఒంట్లో రక్తమంతటికీ ఒక టీచెంచా! అందులో ఒక చిటికెడు హెచ్చుతగ్గును చర్మం బయటి నుంచి కనిపెట్టాలి.

పరారుణ కాంతితో వెతికితే నీరు అడ్డం వస్తుంది, ఆ కాంతిని అదే ఎక్కువగా మింగేస్తుంది. మైక్రోవేవ్‌లతో వెతికితే కాస్త చెమట పట్టినా, పరికరం కాస్త గట్టిగా నొక్కుకున్నా అంకె మారిపోతుంది. నాకు ఆశ ఉన్నది 1928లో మన సి.వి. రామన్ చూపిన దారి మీద. ఒక్కో అణువు కాంతిని తనదైన తీరులో చెదరగొడుతుంది. 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ఈ పద్ధతితో పందుల చర్మం గుండా గ్లూకోజ్ ముద్రను నేరుగా చూడగలిగారు. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

కానీ అత్తయ్య చేతికి అది ఇంకా రాలేదు. మనవడు షుగరు చెప్పే గడియారం కొనిపెడతానన్నాడట. వద్దన్నాను. సూది లేకుండా షుగరు కొలుస్తామనే గడియారాలను, ఉంగరాలను నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె తప్పయితే ఇన్సులిన్ మోతాదు తప్పుతుంది. భుజానికి అతికించే సెన్సార్ సంగతి వేరు. దాని సన్నని తీగ చర్మం కిందికి దిగి కొలుస్తుంది. రేడియో తరంగాలు ఆ అంకెను ఫోనుకు చేరవేస్తాయి, అంతే.

అందాకా వేలు గుచ్చుకోక తప్పదు. అయితే ముందు చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకోండి. మామిడిపండు ముట్టుకున్న వేలితో పరీక్ష చేస్తే, వేలికి అంటిన తీపి కూడా రక్తంలోని షుగరుగా కనిపిస్తుంది. వేలి నడిమధ్యన కాకుండా పక్కన గుచ్చండి, నొప్పి తక్కువ. రోజుకో వేలు మార్చండి. అత్తయ్య ఇప్పుడు కుడిచేతికి మారింది.

నమస్కారం.