కారు కోసం వచ్చిన ఫోను

శ్రోతలకు నమస్కారం.

వెలుగు తగ్గిన తారల మీద జాలిపడి ఊరుకునే సినిమాలు చాలా ఉన్నాయి. 1950లో బిల్లీ వైల్డర్ తీసిన ‘సన్‌సెట్ బులెవార్డ్’ జాలితో సరిపెట్టుకోలేదు. తనను నిర్మించిన పారామౌంట్ స్టూడియోనే పేరుపెట్టి తెర మీదికి లాగింది.

ఇందులో కథానాయిక నోర్మా డెస్మండ్ మూకీల నాటి మహారాణి. టాకీలు వచ్చాక పిలుపులు ఆగిపోయాయి. వయసు యాభై. పాడుబడిన బంగళాలో తన పాత సినిమాలు తానే చూసుకుంటూ, మళ్లీ తెరకెక్కడానికి తానే ఒక కథ రాసుకుంటుంది.

ఒకరోజు స్టూడియో నుంచి ఫోన్లు మొదలవుతాయి. కథ నచ్చిందనుకుని ముస్తాబై వెళుతుంది. వాళ్లకు కావలసింది ఆమె పాతకాలపు కారు, ఏదో సినిమాకు అద్దెకు! ఆ సంగతి ఆమెతో చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. దర్శకుడు సెసిల్ బి. డిమిల్ మర్యాదగా తన కుర్చీలో కూర్చోబెడతాడు. పైనుంచి లైట్‌మన్ ఒకడు గుర్తుపట్టి దీపం ఆమె మీదికి తిప్పుతాడు. అంతే, సెట్టులోని పాతకాపులంతా చుట్టూ మూగుతారు. కాసేపటికే ఆ దీపాన్ని దాని చోటికి తిప్పమని డిమిల్ ఆజ్ఞ.

ఈ డిమిల్ వేషగాడు కాదు, సాక్షాత్తూ డిమిలే. నోర్మాగా నటించిన గ్లోరియా స్వాన్సన్‌ను మూకీల్లో పెద్ద తారను చేసింది కూడా ఆయనే. నోర్మా నౌకరు వేషంలో ఉన్న ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ ఒకనాటి గొప్ప దర్శకుడు. స్వాన్సన్‌తో ఆయన తీస్తూ మధ్యలో ఆగిపోయిన సినిమా ముక్కనే నోర్మా తన ఇంట్లో చూసుకుంటుంది. ఇక పేకాట బల్ల దగ్గర కూర్చున్న బస్టర్ కీటన్! లోకాన్ని నవ్వించిన మనిషికి ఇక్కడ దక్కింది ఒకటీ అరా మాట. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

నోర్మాను పిచ్చిదని నవ్వేవారున్నారు. అది అన్యాయం. అభిమానుల పేరుతో ఉత్తరాలు రాసి ఆమెకు అందిస్తున్నది ఆ నౌకరే. నిజం చెప్పే మనిషి చుట్టుపక్కల లేనప్పుడు ఆమె దేన్ని నమ్మాలి?

స్వాన్సన్‌నూ నోర్మానూ ఒకటిగా చూడటం ఇంకా పెద్ద అన్యాయం. స్వాన్సన్ తలుపులు మూసుకుని కూర్చోలేదు. 1948లోనే న్యూయార్క్ టెలివిజన్‌లో సొంత కార్యక్రమం నడిపారు. ఈ చిత్రానికి ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ కూడా అందుకున్నారు. అయినా ఆ తరువాత హాలీవుడ్ ఆమెకు చూపించిన పాత్రలు చాలావరకు నోర్మాకు నకళ్లే.