రొయ్యల ప్లాంట్‌లో ఐపీలు మార్చకుండా ఫైర్‌వాల్: ఓపీఎన్‌సెన్స్ బ్రిడ్జ్ సెటప్

నమస్కారమండి. భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ అనుకోండి. కోల్డ్ స్టోరేజీ టెంపరేచర్ రికార్డర్లు, కెమెరాల ఎన్‌వీఆర్ (వీడియో రికార్డర్), కాటా దగ్గరి కంప్యూటర్, అన్నిటికీ ఫిక్స్‌డ్ ఐపీలే. అందరికీ గేట్‌వే రౌటర్, 192.168.1.1. ఇక్కడ ఓపీఎన్‌సెన్స్ (ఉచిత ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్) ఉన్న బాక్సుని ఇంకో రౌటర్‌లా పెడితే ఆ అడ్రస్‌లన్నీ తిరగరాయాలి. బ్రిడ్జ్‌గా, అంటే రౌటర్‌కీ స్విచ్‌కీ మధ్య కేబుల్‌లో దూర్చి ప్యాకెట్లని తనిఖీ చేసి దాటించేలా పెడితే, ఒక్కటీ ముట్టుకోనక్కర్లేదు.

మూడు పోర్టులున్న బాక్సు కావాలి. బాక్సులో వాటి పేర్లు ఐజీసీ0, 1, 2 అనుకుందాం. ఐజీసీ0 రౌటర్‌కి (ఇది వ్యాన్, బయటి వైపు), ఐజీసీ1 స్విచ్‌కి (ఇది ల్యాన్, లోపలి వైపు), ఐజీసీ2 మన లాప్‌టాప్‌కి. కేబుళ్ళు ఇప్పుడే పెట్టకండి.

ముందు మూడో పోర్టు. దానికి 192.168.50.1/24 ఇచ్చి, ఫైర్‌వాల్ రూల్స్‌లో ఆ పోర్టు మీద అనుమతి రాసి, లాప్‌టాప్‌కి 192.168.50.2 పెట్టి అక్కడి నుంచే లాగిన్ అవ్వండి. ఇది చేయకుండా ల్యాన్ ఐపీ తీసేస్తే బాక్సు బయటే ఉండిపోతారు.

ఇప్పుడు వ్యాన్, ల్యాన్ రెండింటికీ ఐపీ రకం "నన్". ల్యాన్ మీద డీహెచ్‌సీపీ సర్వర్ (పరికరాలకి ఐపీలు పంచేది) ఆపేయండి. అవుట్‌బౌండ్ న్యాట్ (బయటికెళ్లే ప్యాకెట్ల అడ్రస్ మార్చేది) డిసేబుల్. వ్యాన్‌లో "బ్లాక్ ప్రైవేట్ నెట్‌వర్క్స్", "బ్లాక్ బోగన్" (ఇంటర్నెట్‌లో కనిపించకూడని అడ్రస్‌లని ఆపేది) టిక్కులు తీసేయండి. మన రౌటర్ అడ్రస్సే ప్రైవేట్ అడ్రస్ కదా, టిక్కు ఉంటే అది పంపే డీహెచ్‌సీపీ జవాబులే ఆగిపోతాయి.

ఇప్పుడు మెనూలో ఇంటర్‌ఫేసెస్, డివైసెస్, బ్రిడ్జ్‌కి వెళ్లండి. పాత వెర్షన్‌లో ఇది అదర్ టైప్స్ కింద ఉంటుంది. వ్యాన్, ల్యాన్ రెండూ ఎంచుకుని సేవ్ చేయండి. తర్వాత అసైన్‌మెంట్స్‌లో బ్రిడ్జ్0ని చేర్చి ఎనేబుల్ చేయండి.

ఇక్కడ కాస్త ఆగండి. సిస్టమ్ సెట్టింగ్స్‌లోని ట్యూనబుల్స్‌లో రెండు లైన్లు చూడాలి: పీఫిల్_మెంబర్ (వ్యాన్, ల్యాన్ పోర్టుల మీద విడిగా తనిఖీ), పీఫిల్_బ్రిడ్జ్ (బ్రిడ్జ్ మీద తనిఖీ). 1 అంటే తనిఖీ ఉంటుంది, 0 అంటే ఉండదు. మెంబర్ 0, బ్రిడ్జ్ 1 పెట్టమని చాలామంది చెబుతారు. అది పనిచేస్తుంది, కానీ రెండు వైపుల ప్యాకెట్లూ ఒకే ఇంటర్‌ఫేస్ మీదకి వస్తాయి. ఏది లోపలిది, ఏది బయటిది అన్నది సోర్స్ అడ్రస్ చూసే తేల్చుకోవాలి. ఇలాంటి ప్లాంట్‌కి మెంబర్ 1, బ్రిడ్జ్ 0 మేలు. ల్యాన్ రూల్ ల్యాన్‌లో, వ్యాన్ రూల్ వ్యాన్‌లో విడివిడిగా రాసుకోవచ్చు. రెండూ 1 చేస్తే మాత్రం ప్రతి ప్యాకెట్‌నీ రెండుచోట్ల తనిఖీ చేస్తుంది. ఒకచోట రూల్ లేకపోయినా ఆగిపోతుంది.

లోపలి నుంచి బయటికి వెళ్లనిచ్చే ల్యాన్ అనుమతి రూల్‌లో సోర్స్‌గా "ల్యాన్ నెట్" వాడకండి. ల్యాన్‌కి ఐపీ లేదు గనక ఆ పేరులో ఏమీ ఉండదు, రూల్ దేనికీ తగలదు. 192.168.1.0/24 అని అంకెల్లో రాయండి. ఎన్‌వీఆర్ ఇంటర్నెట్‌లోకి వెళ్లకూడదంటే, దాని ఐపీని సోర్స్‌గా పెట్టిన బ్లాక్ రూల్ ఈ అనుమతి రూల్‌కి పైన ఉండాలి.

కొత్తగా కలిసే ఫోన్లకి ఇంకా అడ్రస్ ఉండదు గనక డీహెచ్‌సీపీకి విడిగా రాయాలి. ల్యాన్‌లో యూడీపీ, సోర్స్ ఏదైనా, పోర్టు 68 నుంచి 67కి. వ్యాన్‌లో 192.168.1.1 నుంచి, పోర్టు 67 నుంచి 68కి.

ఇక కేబుళ్ళు. ఐజీసీ0, ఐజీసీ1 రెండూ ఒకే స్విచ్‌లో పడితే లూప్ అయి ప్లాంట్ నెట్‌వర్క్ మొత్తం కుదేలవుతుంది. కలిపాక కాటా కంప్యూటర్ నుంచి 192.168.1.1కి పింగ్ కొట్టండి. అందకపోతే ఫైర్‌వాల్ లాగ్ ఫైల్స్‌లో లైవ్ వ్యూ తెరవండి. ఎర్ర వరసలో ఏ ఇంటర్‌ఫేస్ మీద ఆగిందో కనిపిస్తుంది.

ఒకే స్విచ్ మీదున్న కెమెరాకీ ఎన్‌వీఆర్‌కీ మధ్య ట్రాఫిక్ ఈ బాక్సు దాకా రాదు, దాన్ని ఇది ఆపలేదు.

బాక్సుకి కరెంటు పోతే బ్రిడ్జ్ కూడా తెగిపోతుంది. మనవైపు తుఫాను రోజుల్లో ఇది గుర్తుండాలి. రౌటర్, స్విచ్ ఉన్న యూపీఎస్ మీదే దీన్నీ పెట్టండి. బాక్సే పాడైతే దాని రెండు కేబుళ్ళూ పీకేసి, రౌటర్ నుంచి స్విచ్‌కి ఒక ప్యాచ్ కేబుల్ నేరుగా కలపండి. ఐపీలు ఏవీ మారలేదు గనక పని వెంటనే సాగుతుంది. ఆ కేబుల్‌కి పేరు రాసి ర్యాక్‌కే కట్టి ఉంచండి.