కొవ్వు మెదడుకు పంపే కబురు

అందరికీ నమస్కారం. బీచ్ రోడ్డులో ఉదయపు నడక ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చినవారు చాలామంది ఉన్నట్టున్నారు. సంతోషం.

రెండేళ్ల క్రితం మద్దిలపాలెం నుంచి ఒక ఉపాధ్యాయురాలు నా దగ్గరికి వచ్చారు. రాత్రిపూట అన్నం మానేసి, వారానికి నాలుగు రోజులు కైలాసగిరి మెట్లెక్కి ఆరు నెలల్లో 11 కిలోలు తగ్గారు. ఏడాది తిరిగేసరికి 12 కిలోలు పెరిగారు. సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టారు. తిన్న ప్రతి ముద్దకూ అందులో లెక్క ఉంది. చివరి పేజీల్లో మాత్రం తిండి పేర్ల మధ్య ‘మళ్లీ ఆకలి’ అని మూడు చోట్ల రాసి ఉంది. “నాకు నోరు కట్టుకోవడం చేతకాదండీ” అంటూ కళ్లు తుడుచుకున్నారు.

ఆవిడకు ఆరోజు ఎలుకల కథ చెప్పాను. 1949లో అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో విపరీతంగా తింటూ లావెక్కే ఒక ఎలుకల జాతి బయటపడింది. తర్వాతి కాలంలో అక్కడే డగ్లస్ కోల్‌మన్ అలాంటి ఎలుకకు మామూలు ఎలుకను జతచేసి కుట్టి, రెండింటి రక్తమూ కలిసేలా చేశారు. లావు ఎలుక తిండి తగ్గించింది! రక్తంలో ఏదో ‘ఇక చాలు’ అని చెబుతోందని ఆయన గ్రహించారు. అదేమిటో 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం తేల్చింది. అదే లెప్టిన్ అనే హార్మోన్. దాన్ని తయారుచేసేది మరేదో గ్రంథి కాదు, మనం తిట్టుకునే కొవ్వే.

కొవ్వు మన గాదె అనుకోండి. గాదెలో ఎంత ఉందో లెప్టిన్ మెదడుకు కబురు పంపుతుంది. అందుకునేది మెదడులోని హైపోథాలమస్ అనే చిన్న భాగం. అక్కడ రెండు రకాల నాడీకణాలున్నాయి: ఒకటి ఆకలిని అణచేది, రెండోది రేపేది. లెప్టిన్ మొదటిదాన్ని ఉత్సాహపరిచి రెండోదాన్ని నెమ్మదింపజేస్తుంది. ఖాళీ కడుపు నుంచి వచ్చే గ్రెలిన్ అనే హార్మోన్ దీనికి సరిగ్గా ఎదురు.

పుట్టుకతోనే లెప్టిన్ లేని పిల్లలు బహు అరుదు. ఇంగ్లండులో అలాంటి తొమ్మిదేళ్ల పాప 94 కిలోలుండేది. లెప్టిన్ సూదిమందు మొదలుపెట్టాక ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. ఆ పాపను అంతకుముందు ‘తిండిపోతు’ అన్నవాళ్లు ఎందరుంటారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

మరి అందరికీ ఆ సూదిమందే ఇవ్వవచ్చు కదా? పనిచేయదు. లావుగా ఉన్న చాలామందిలో లెప్టిన్ ఎక్కువగానే ఉంటుంది. మెదడే దాని మాట సరిగా వినదు. బరువు తగ్గినప్పుడు మాత్రం లెప్టిన్ పడిపోయిన సంగతి వెంటనే పసిగడుతుంది. దాని దృష్టిలో అది కరువు. ఆకలి పెంచుతుంది, ఒంటి ఖర్చు తగ్గిస్తుంది. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు, పది వారాల కఠిన పథ్యంతో బరువు తగ్గినవారిని ఏడాది తర్వాత పరీక్షిస్తే, హార్మోన్లు ఇంకా ఆకలివైపే మొగ్గు చూపుతున్నాయి. ఆ నోటుపుస్తకంలోని ‘మళ్లీ ఆకలి’ ఇదే.

ఇప్పుడు అందరూ అడుగుతున్న బరువు తగ్గించే మందు సెమాగ్లుటైడ్, పేగుల్లో పుట్టే మరో హార్మోన్‌ను అనుకరిస్తూ ఇదే మెదడు మీద పనిచేస్తుంది. మానేస్తే చాలామందిలో బరువు తిరిగి వస్తుంది. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరిగిందని రోగిని ఎవరూ నిందించరు. ఆ ఉపాధ్యాయురాలు నన్ను చివరగా అడిగింది ఒక్కటే: “ఈ మాట మా ఇంట్లోవాళ్లకు కూడా చెబుతారా?” మరుసటి వారం ఆవిడ భర్తనూ అత్తగారినీ కూర్చోబెట్టి, ఎలుకల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాను.