ఇరవై గంటల లెక్క

అందరికీ నమస్కారం. కార్యవర్గంలోని పెద్దలకు, పొద్దున ఏడింటికే వచ్చి కుర్చీలు వేసిన పిల్లలకు, ఇళ్లలో వండి ఇంత దూరం మోసుకొచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు నా కృతజ్ఞతలు. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి బాబాయ్ గారూ, మీరు కూర్చోండి.

నాకు ఇచ్చిన విషయం 'మన పిల్లలు, స్పోర్ట్స్ స్కాలర్‌షిప్‌లు'. టెన్నిస్, గోల్ఫ్, ఈత నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. కోచ్‌లకు ఎప్పుడు రాయాలి, ఏం రాయాలి అని రెండు పేజీలు తయారుచేసుకుని వచ్చాను. అమెరికా కాలేజీల్లో ఇప్పుడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లకు డబ్బిస్తున్నారన్న మాట వచ్చి, ఇందాక కాఫీ దగ్గర ఒక అన్నయ్య గారు అన్నారు: "పంతొమ్మిదేళ్ల కుర్రాడికి మిలియన్ డాలర్లేంటండీ? కాలేజీ ఫుట్‌బాల్ పాడైపోయింది. డబ్బున్న టీమే గెలుస్తుంది. ఇంక ఆటలో న్యాయం ఏముంది?" చుట్టూ ఉన్న నలుగురూ తలూపారు. ఆ అన్నయ్య మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట విన్నాక ఈ రెండు పేజీలు చదవలేను. దాదాపు ఇరవై ఏళ్లుగా లోపల ఉన్న మాట ఒకటి ఉంది, అది చెబుతాను. స్కాలర్‌షిప్‌ల సంగతి భోజనాల దగ్గర అడగండి, ఎంతసేపైనా చెబుతాను.

నేను 2006లో నరసరావుపేట నుంచి ఎం.ఎస్. చేయడానికి అమెరికా వచ్చాను. ఏ యూనివర్సిటీకో చెప్పను. శనివారం మ్యాచ్ ఉంటే ఊరంతా ఒకే రంగు చొక్కాలు వేసుకునే చోటు అనుకోండి. ఎఫ్-1 వీసా, అంటే విద్యార్థులకు ఇచ్చేది. క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలకు మించి పని చేయకూడదు. ఆ రూల్ తెలియనివాళ్లు ఈ హాల్లో ఉండరు. పందొమ్మిదిన్నర గంటలు అయ్యేసరికే టెన్షన్ మొదలయ్యేది మనకు. నాకు దొరికిన పని ఫుట్‌బాల్ ఆటగాళ్లకు స్టాటిస్టిక్స్ ట్యూషన్ చెప్పడం. గంటకు పది డాలర్లు.

వాళ్లలో ఒకతను ఉండేవాడు. పేరు చెప్పను, తమ్ముడు అంటాను. మూడు వందల పౌండ్ల మనిషి. ఆఫెన్సివ్ లైన్‌లో ఆడేవాడు, అంటే బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవరూ రాకుండా ఒంటిని అడ్డం వేసే పని. రాత్రి ఎనిమిదింటికి నా దగ్గరికి వచ్చేవాడు. తెల్లవారుజామున ఐదున్నరకి బరువులెత్తడంతో రోజు మొదలు. తర్వాత క్లాసులు, మధ్యాహ్నం ప్రాక్టీస్, ఆపైన ఎదుటి జట్టు వీడియోలు చూడటం. ఒకసారి సగటు నేర్పుతూ, నీ వారం గంటలే లెక్క వేద్దాం అన్నాను. ఫుట్‌బాల్‌కి నలభై నాలుగు గంటలు వచ్చాయి. "రూల్ ఇరవై కదా?" అన్నాను. వాళ్లకూ సీజన్‌లో వారానికి ఇరవై గంటలే అని ఎన్‌సీఏఏ, అంటే కాలేజీ ఆటలకు నియమాలు పెట్టే సంస్థ, రాసిపెట్టింది. అతను ఓపికగా చెప్పాడు. ప్రయాణం లెక్కలోకి రాదు. 'స్వచ్ఛందం' అన్నవి లెక్కలోకి రావు. మ్యాచ్ రోజు ఎన్ని గంటలు పట్టినా మూడు గంటలే రాస్తారు.

నాకూ ఇరవై, అతనికీ ఇరవై. నా ఇరవైకి చెక్కు వచ్చేది. వేలమంది టికెట్లు కొని చూసే ఆట ఆడే మనిషికి లెక్కలు చెప్పినందుకు నాకు జీతం. ఆ ఆట ఆడినందుకు అతనికి ఫీజు, గది, తిండి, పుస్తకాలు. అంతే. చదువు ఇచ్చారు కదా అంటారు. ఇచ్చారు. ఆ చదువు ఎంతవరకు ఇచ్చారో కూడా చెబుతాను, ఆగండి.

ఒక రాత్రి ప్రాక్టీస్ ఆలస్యమైంది. డైనింగ్ హాల్ మూసేశారు. అతను వచ్చి కూర్చున్నాడు, ఐదు నిమిషాలకు కడుపు చప్పుడు నాకు వినిపించింది. నా బ్యాగులో డబ్బా నిండా పులిహోర ఉంది. మూత తీసి ముందుకు జరిపాను. అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. "మిస్, వద్దు. మీ ఉద్యోగం పోతుంది, నన్ను ఆటలోంచి తీసేస్తారు" అన్నాడు. నేను పనిలో చేరిన రోజే సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది. ఆటగాడికి భోజనం పెట్టకూడదు, కారెక్కించుకోకూడదు, కాఫీ కొనివ్వకూడదు. అమ్మలారా, మీరే చెప్పండి. ఆకలితో ఉన్న పిల్లవాడు ఎదురుగా ఉంటే మన ఇళ్లలో ఏం చేస్తాం? నేను మూత పెట్టేశాను. వీసా పోతుందేమో అని భయపడ్డాను. మూత పెట్టి, 'రెండో లెక్క చూద్దాం' అన్నాను.

2014లో షబాజ్ నేపియర్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు, కనెక్టికట్ యూనివర్సిటీని ఛాంపియన్‌ని చేసినవాడు, ఆకలితో పడుకున్న రాత్రులున్నాయని టీవీ కెమెరాల ముందు చెప్పాడు. ఆ ఏప్రిల్లోనే ఆటగాళ్లకు తిండి మీద పరిమితి ఎత్తేశారు. ఒక మనిషి ఆకలి దేశమంతా వింటే గానీ ఆ రూల్ కదల్లేదు.

తమ్ముడికి మూడో సంవత్సరం ప్రాక్టీస్‌లో మోకాలు పోయింది. లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేయించారు. కానీ అప్పట్లో స్కాలర్‌షిప్ ఒక్కో సంవత్సరానికే ఇచ్చేవారు. 1973లో పెట్టిన ఆ పద్ధతిని సడలించి, నాలుగేళ్లకు ఇవ్వడానికి 2012 దాకా కాలేజీలకు అనుమతి లేదు. వేసవిలో ఉత్తరం వచ్చింది, వచ్చే ఏడాదికి పొడిగించడం లేదని. డిగ్రీకి ఇంకా రెండు సెమిస్టర్లు ఉన్నాయి. చదువు ఇచ్చారు అన్నప్పుడు నేను ఆగమన్నది ఇందుకే.

కాలేజీ ఆటగాళ్లను పిలిచే ఈ 'స్టూడెంట్ అథ్లెట్' అనే మాట ఎక్కడ పుట్టిందో తెలుసా మీకు? 1955లో కొలరాడోలో రే డెన్నిసన్ అనే ఆటగాడు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. అతని భార్య, పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారం అడిగింది. 1957లో కొలరాడో సుప్రీంకోర్టు ఇవ్వక్కర్లేదని తేల్చింది. ఆ రోజుల్లోనే ఎన్‌సీఏఏని నడిపిన వాల్టర్ బయర్స్ ఈ మాట తయారు చేయించాడు, ఆటగాళ్లను ఉద్యోగులు అనకుండా ఉండటానికి. నేనెవరినో నిందించి చెప్పడం లేదు. బయర్సే తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఉద్యోగం వదిలేశాక ఆయనే ఈ పద్ధతికి ఎదురు నిలబడ్డాడు.

ఒక విధవరాలికి పరిహారం తప్పించడానికి పుట్టిన మాటని మనం గౌరవంగా వాడుతున్నాం.

సరే, న్యాయం సంగతికి వస్తాను, అన్నయ్య గారు అడిగింది అదే. డబ్బిస్తే పెద్ద కాలేజీలే గెలుస్తాయి అంటారు. మరి డబ్బివ్వని రోజుల్లో ఎవరు గెలిచారు? నిక్ సేబన్ కోచ్‌గా అలబామా యూనివర్సిటీ 2009 నుంచి 2020 లోపు ఆరుసార్లు ఛాంపియన్ అయింది. అప్పుడు ఆటగాడికి జీతంగా పైసా ఇవ్వకూడదు. కోచ్‌కి ఇవ్వొచ్చు, లాకర్ గదులకు పాలరాయి వేయొచ్చు. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎం తన కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు, ఒప్పందం ప్రకారం ఆయనకు 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైగా ఇవ్వాల్సి వచ్చింది. పని చేయకుండా ఉన్నందుకు. ఆ డబ్బు ఎప్పుడూ ఉంది. ఒక్క ఆటగాడి దగ్గరికే వచ్చేది కాదు.

అదే 2023లో ఫ్లోరిడా స్టేట్ పదమూడు మ్యాచ్‌లు ఆడి పదమూడూ గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగిందని, నాలుగు జట్ల ప్లేఆఫ్‌లోకి కమిటీ తీసుకోలేదు. గెలిచినవాళ్లను బయట కూర్చోబెట్టింది ఆటగాళ్ల జీతాలా? వందేళ్లు నడిచిన పసిఫిక్ తీరం లీగ్, పాక్-12, అప్పుడే కూలింది. పది కాలేజీలు టీవీ డబ్బు వెతుక్కుంటూ వెళ్లిపోయాయి. ఆరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ రెండే మిగిలాయి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ ఇప్పుడు అట్లాంటిక్ తీరం లీగ్‌లో ఆడుతోంది. ఈ నిర్ణయాల్లో ఒక్కటి కూడా ఆటగాళ్లను అడిగి తీసుకున్నది కాదు.

మనం క్రికెట్ వాళ్లం. ఐపీఎల్ చూడండి. 2025 సీజన్‌కి ప్రతి జట్టుకూ 120 కోట్ల రూపాయల పర్సు. హైదరాబాద్‌కీ అంతే, ముంబైకీ అంతే. పోటీ సమంగా ఉండాలని పర్సు సమం చేశారు గానీ, ఆటగాళ్లను ఉచితంగా ఆడమనలేదు. మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకుని, రెండేళ్లు తిరిగేసరికి 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. అప్పుడతనికి ఇరవై ఒకటి. మనమంతా వాట్సాప్‌లో ఎంత మురిసిపోయాం! ఒహాయోలోనో జార్జియాలోనో పంతొమ్మిదేళ్ల కుర్రాడికి వస్తే ఆట పాడైపోయిందా? చేయెత్తండి, నితీశ్ విషయంలో బాధపడినవాళ్లు. ఒక్కరూ లేరు.

కోర్టులు ఈ మాట ఆలస్యంగా ఒప్పుకున్నాయి. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో తొమ్మిది మందికి తొమ్మిది మందీ ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఆ జులై నుంచి ఆటగాడు తన పేరుతో, తన బొమ్మతో ప్రకటనల్లో సంపాదించుకోవచ్చు. దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. 2025 జూన్‌లో కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం ఇచ్చాక, కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చని వచ్చింది. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ గరిష్ఠంగా 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

ఇక్కడే నా అసలు అభ్యంతరం ఉంది. ఆ గరిష్ఠం ఎవరు పెట్టారు? ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లోనూ జీతాలకు పరిమితి ఉంది, 1994 నుంచి. కానీ అది ఆటగాళ్ల యూనియన్ బేరమాడి ఒప్పుకున్నది, దానికి బదులు వాళ్లు తమ హక్కులు తాము తెచ్చుకున్నారు. దేశవ్యాప్త టీవీ డబ్బును కూడా అక్కడ ముప్పై రెండు జట్లూ సమంగా పంచుకుంటాయి. కాలేజీల్లో ఆటగాళ్లకు యూనియన్ లేదు. 2014లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఆటగాళ్లు ప్రయత్నించారు. సీజన్‌లో వాళ్లు వారానికి 40 నుంచి 50 గంటలు ఫుట్‌బాల్‌కే ఇస్తున్నారని, వాళ్లు ఉద్యోగులేనని కార్మికుల తగాదాలు చూసే లేబర్ బోర్డు ప్రాంతీయ అధికారి తేల్చాడు. తమ్ముడి నలభై నాలుగు నాకు అప్పుడు గుర్తొచ్చింది. మరుసటి ఏడాది పై బోర్డు ఆ కేసులో తలదూర్చనంది. పోటీ సమంగా ఉండాలంటే టీవీ డబ్బు సమంగా పంచుకోండి, ఆటగాళ్లతో కూర్చుని ఒప్పందం రాసుకోండి, మోకాలు పోయినవాడికి డిగ్రీ అయ్యేదాకా ఫీజు, ఆ తర్వాత కూడా వైద్యం ఇవ్వండి. నేను అడిగేది ఇదే.

ఇప్పుడు మన పిల్లల సంగతి. పెద్ద కాలేజీల్లో మన అమ్మాయి టెన్నిస్ కోర్టుకి, కోచ్ జీతానికి, విమానం టికెట్లకు డబ్బు ఎక్కడిది? టెన్నిస్ చూడటానికి ఎవరూ టికెట్ కొనరు. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌ది. తమ్ముడిలాంటి పిల్లలది, వాళ్లలో చాలామంది నల్లజాతి పిల్లలు. మా అమ్మాయి కూడా టెన్నిస్ ఆడుతుంది. నాకూ భయం ఉంది. కొన్ని కాలేజీలు జట్లు ఎత్తేస్తున్నాయి, కాల్ పాలీ 2025 మార్చిలో ఈత జట్టుని ఎత్తేసింది. హౌస్ రాజీలో పాత ఆటగాళ్లకు బాకీల కింద ఇచ్చే సొమ్ములో అధిక భాగం ఫుట్‌బాల్‌కీ మగపిల్లల బాస్కెట్‌బాల్‌కీ పోతుంది, ఆడపిల్లలకు వచ్చేది చాలా తక్కువ. దాని మీద ఆడపిల్లలు కోర్టుకి వెళ్లారు, వెళ్లాలి కూడా. కానీ మా అమ్మాయి రాకెట్ ఖర్చు ఆ పిల్లవాడి మోకాలు భరించాలని నేను కోరుకోలేను. మీరు కోరుకుంటారా?

కార్యదర్శి గారు గంట చూపిస్తున్నారు. ఒక్క నిమిషం అండీ.

ఆ రాజీలో పాత ఆటగాళ్లకు పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్లు ఇస్తారు. 2016 నుంచి ఆడినవాళ్లకు. తమ్ముడు 2008లోనే మానేశాడు. అతనిప్పుడు ఇక్కడికి మూడు గంటల దూరంలో ఒక హైస్కూల్లో కోచ్. డిగ్రీ ముప్పై నాలుగో ఏట సొంత డబ్బుతో పూర్తి చేశాడు. మొన్న దీపావళికి భార్యనీ ఇద్దరు పిల్లలనీ తీసుకుని మా ఇంటికి వచ్చాడు. మేమంతా కింద చాపల మీద కూర్చున్నాం. అతని మోకాలు వంగదు. గోడకు ఆనుకుని నిలబడి, రెండుసార్లు వడ్డించుకుని పులిహోర తిన్నాడు.