లూకాస్‌ని తిట్టడం ఆపండి, ఎర్త్ బోల్టు విప్పండి!

నమస్తే అండి. సోది లేకుండా నేరుగా విషయంలోకి వచ్చేస్తున్నా. మీ ఎంజీబీలో, అదే ఆ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో, దీపాలు మసకగా వెలుగుతున్నాయా? ఇండికేటర్ కొట్టుకోవడం లేదా? ఇంజనుకి పెట్రోల్ అందించే పంపు మొండికేసిందా? తప్పు ఆ బండికి కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీది కాదు. ఎర్త్‌ది, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారిది! ఆ నల్ల వైరుది, దాన్ని బాడీకి బిగించిన తుప్పు పట్టిన బోల్టుది.

పోయిన వీడియోలో ఈ మాట ఊరికే ఒక వాక్యంగా అన్నాను. అంతే, కామెంట్లలో యుద్ధం మొదలైంది. "లూకాస్ అంటే చీకటి రాజు", "ఇంగ్లండులో బీరు వెచ్చగా తాగేది ఫ్రిజ్‌లు లూకాస్ వాళ్ళవి కాబట్టే"... ఆ పాత జోకులే మళ్ళీ. ఇవి నేను బ్రిటన్ వచ్చిన రోజు నుంచీ వింటున్నా. ఒక్కరైనా వోల్టులు కొలిచే మీటరు పెట్టి చూసి రాశారా అంటే లేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, ఎవరో అన్నారు, వీళ్ళు అనేస్తున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

సరే, మీటరు సంగతికి వద్దాం. ఎంజీబీలో దీపానికి వెళ్ళే కరెంటు వైరులో వెళ్తుంది. తిరిగొచ్చేది మాత్రం బాడీ రేకులోంచి. బండి ఇనుమంతా బ్యాటరీకి తిరుగుదారే. ఆ దారిలో ఒక్క జాయింటు దగ్గర తుప్పు చేరిందనుకోండి. 60 వాట్ల హెడ్‌లైటు దాదాపు 5 ఆంపియర్లు లాగుతుంది. ఆ జాయింటులో అర ఓము, కేవలం అర ఓము అడ్డు ఉంటే చాలు, రెండు వోల్టులకు పైగా అక్కడే ఆవిరైపోతుంది. బల్బుకి అందాల్సిన కరెంటు ఆ బోల్టుని వేడి చేయడానికి ఖర్చవుతుందన్నమాట. ఇంకో సంగతి వినండి. బల్బుకి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు 10 శాతం తగ్గి ఊరుకోదు, దాదాపు 30 శాతం పోతుంది. రెండు వోల్టులు పోతే ఇక అది హెడ్‌లైటా, దేవుడి గూట్లో దీపమా?

దానికి బల్బు చేసినవాణ్ణి తిడతారు! ఇదెక్కడి న్యాయమండీ?

ఇంకా ఘోరం చెప్తా. ఎంజీబీ ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు కదా, అందుకని ఇంజనుకీ బాడీకీ మధ్య ఒక అల్లిన రాగి పట్టీ పెడతారు. క్లచ్ మార్చినప్పుడో ఇంజను దించినప్పుడో ఆ పట్టీ విప్పి, తిరిగి బిగించకుండా వదిలేసిన బళ్ళు ఎన్నో ఉన్నాయి. అప్పుడేమవుతుంది? స్టార్టర్ మోటారు వందల ఆంపియర్లు లాగుతుంది. ఆ కరెంటు తిరిగి వెళ్ళడానికి దారి కావాలి. దొరికేది ఏంటి? చోక్ కేబుల్! లేకపోతే యాక్సిలరేటర్ కేబుల్. సన్నటి తీగలోంచి స్టార్టర్ కరెంటు పోతే ఎర్రగా కాలి, పైతొడుగు కరిగి, డాష్‌బోర్డు కిందనుంచి పొగ లేస్తుంది. "స్టార్ట్ చేస్తుంటే చోక్ దగ్గర పొగొస్తోందండీ, లూకాస్ వైరింగు దరిద్రం" అని రాసిన మిత్రుడా, ఇది నీకే. ఆ కేబుల్ అసలు లూకాస్ వైరే కాదు. బండి కిందకి దూరి పట్టీ ఉందో లేదో చూడు. జాకీ ఒక్కటే నమ్ముకుని మాత్రం దూరకు, స్టాండ్లు పెట్టుకో.

ఇప్పుడు బ్యాటరీ. ఎంజీబీలో బ్యాటరీ బోనెట్ కింద ఉండదని మీకు తెలుసు. సీట్ల వెనక, నేల కింద ఉంటుంది. 1974 దాకా వచ్చిన బళ్ళలో రెండు 6 వోల్టుల బ్యాటరీలు, ఆ తర్వాత ఒకటే 12 వోల్టులది. కంటికి కనపడని చోట ఉంది కాబట్టి ఎవరూ చూడరు. కార్పెట్ ఎత్తాలి, మూత స్క్రూలు విప్పాలి, ఎవడు పడతాడు ఆ తంటా? కింద బ్యాటరీ గూడు వెనక చక్రాలకి దగ్గరే. బ్రిటన్ చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పంతా అక్కడికే చిమ్ముతుంది. ఎర్త్ పట్టీ బోల్టు కూడా అక్కడే. నేను విప్పి చూసిన బళ్ళలో ఆ బోల్టు పచ్చగా పాచిపట్టి ఉండటం మామూలు. బండి మొత్తానికీ తిరుగుదారి అదొక్కటేనండీ!

పెట్రోల్ ముల్లు గురించి కూడా చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. డాష్‌బోర్డు వెనక వోల్టేజ్ స్టెబిలైజర్ అని చిన్న డబ్బా ఉంటుంది. 12 వోల్టుల్ని సగటున 10కి దించి ముల్లుకి ఇస్తుంది. లోపలున్న లోహపు రేకు వేడెక్కి తెరుచుకుంటూ, చల్లారి మూసుకుంటూ పనిచేస్తుంది. ఆ వేడి పుట్టాలంటే డబ్బాకి సొంతంగా ఎర్త్ తగలాలి. తగలకపోతే రేకు తెరుచుకోదు, పూర్తి 12 వోల్టులూ ముల్లు మీదకే పోతాయి. ట్యాంకులో పావు ఉంటే ముల్లు అంతకంటే ఎక్కువ చూపిస్తుంది. మీరు ధైర్యంగా మోటర్‌వే ఎక్కుతారు, మధ్యలో ఆగిపోతారు. ఉష్ణోగ్రత ముల్లు కూడా కరెంటుతో నడిచే మోడళ్ళలో అయితే ఇంజను వేడెక్కిందని భయపడి థర్మోస్టాట్ మార్చేవాళ్ళు, రేడియేటర్ విప్పేవాళ్ళు, హెడ్ గాస్కెట్ పోయిందని గుండెలు బాదుకునేవాళ్ళు. కారణం? ఒక్క చిన్న స్క్రూ లూజు!

"మరి అంత మంచి కంపెనీ అయితే..." అని ఒకాయన రాశారు. సరే, కంపెనీ గురించే మాట్లాడదాం. 1967లో కాస్‌వర్త్ డీఎఫ్‌వీ అనే ఫార్ములా వన్ రేసు ఇంజను వచ్చింది. లోటస్ 49 రేసు కారులో జిమ్ క్లార్క్ దాంతో మొదటి రేసే గెలిచాడు, నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో. ఆ తర్వాత ఆ ఇంజను 150కి పైగా గ్రాండ్ ప్రిలు గెలిచింది. అందులో పెట్రోల్ చిమ్మే ఏర్పాటు ఎవరిది? లూకాస్! ఫార్ములా వన్‌లో నమ్మకంగా పనిచేసిన కంపెనీకి, ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైన కుటుంబపు స్పోర్ట్స్ కారుకి దీపం వెలిగించడం చేతకాలేదంటారా? మన దేశం సంగతే చూడండి. మద్రాసులో 1961లో మొదలైన లూకాస్-టీవీఎస్ స్టార్టర్లు, డైనమోలు మన రోడ్ల మీద ఎన్ని దశాబ్దాలు తిరిగాయో మీ నాన్నగారినో, మామయ్యనో అడగండి. మన పాత అంబాసిడర్ పెట్రోల్ ఇంజను 1489 సీసీ బీ-సిరీస్. ఎంజీబీది అదే వంశం, 1798 సీసీకి పెంచారు, అంతే. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ మెకానిక్ దగ్గరికి "లైట్ డిమ్మండీ" అని వెళ్తే ఆయన చేసే మొదటి పని ఏంటి? బ్యాటరీ నుంచి ఒక వైరు లాగి దీపం ఒంటికి ఆనిస్తాడు. భగ్గున వెలిగిందా, "ఎర్త్ తగలట్లేదు బాబూ" అంటాడు. అయిపోయింది. ఆయన ఏ బ్రాండునీ తిట్టడు!

మరి అసలు దోషి ఎవరు? నా సిద్ధాంతం ఇది, మీకు నచ్చినా నచ్చకపోయినా. పాత ఓనరు. బండి 1962 నుంచి 1980 దాకా తయారైంది, ఐదు లక్షలకు పైగా వచ్చాయి. ఒక్కో బండి ఎన్ని చేతులు మారిందో. ఒకాయన రేడియో పెట్టాడు, ఇంకొకాయన ఫాగ్ ల్యాంపులు, మూడో ఆయన కరెంటు ఫ్యాను. అన్నీ ఎక్కడ తగిలించారు? ఆ నీలం ప్లాస్టిక్ క్లిప్పులుంటాయే, నొక్కితే వైరుని కొరికి పట్టుకునేవి, వాటితో! ఆ క్లిప్పు రాగి పోగుల్ని కోస్తుంది, నీళ్ళు లోపలికి పోతాయి, లోపల పచ్చగా మారిపోతుంది. తొలి బళ్ళలో పనిచేసే ఫ్యూజులు రెండే రెండు, ఒక్కోటి 35 ఆంపియర్లు. బల్బులకీ, హారన్‌కీ లెక్క వేసి చేసిన వైరింగు మీద ఇంత బరువు మోపి, కాలిపోతే డిజైన్ చేసినవాణ్ణి అంటారా?

దీనికి తోడు కొత్త విడిభాగాలు. ఇది వేరే వీడియోకి సరిపడా కోపం, అయినా రెండు ముక్కలు చెప్పాల్సిందే. స్పార్కుని ఒక్కో ప్లగ్గుకీ పంచే డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటార్ ఆర్మ్ ఉంది కదా. ఇప్పుడు దొరికే చవక నకళ్ళలో ఇత్తడి ముక్కని రివెట్‌తో బిగిస్తారు. రివెట్ కింద ప్లాస్టిక్ పలచన. స్పార్కు ప్లగ్గుకి పోకుండా ఆ ప్లాస్టిక్‌ని చీల్చుకుని షాఫ్టులోకి దూకుతుంది. బండి వేడెక్కాక ఆగిపోతుంది, చల్లారాక మళ్ళీ కదులుతుంది. పాపం ఓనరు కార్బురేటర్లు రెండూ విప్పి కూర్చుంటాడు. కండెన్సర్ల సంగతీ అంతే. అందుకే చెప్తున్నా, పనిచేస్తున్న పాత లూకాస్ రోటార్ ఆర్మ్‌ని "సర్వీసు కదా" అని చెత్తబుట్టలో వేయకండి. కొత్తది కొంటే రివెట్ లేని రకం చూసి కొనండి. పాతది డిక్కీలో దాచుకోండి.

పని ఎలా చేయాలో చెప్తా, ఇప్పుడే చూసుకోండి. ఉంగరాలు, చేతి గొలుసులు తీసేయండి. మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. హెడ్‌లైట్లు వేయండి. మీటరు వైర్ల చివర ఉండే రెండు ముల్లుల్లో ఒకటి బ్యాటరీ ఎర్త్ పోస్టు మీద, అంటే క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే. రెండో ముల్లు దీపం నల్ల వైరు చివర. 0.2 వోల్టుల లోపు వస్తే మీ ఎర్త్ బంగారం. అర వోల్టు దాటిందా, దొంగ దొరికాడు. రెండో ముల్లుని ఒక్కో జాయింటుకీ జరుపుకుంటూ బ్యాటరీ వైపు రండి, ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో ఆ రెండు చోట్ల మధ్యే తుప్పు ఉంది. ముందుగా రేడియేటర్ పక్కన బుల్లెట్ కనెక్టర్లు, అంటే వైరు చివరి గుండు ముక్కని తొడుగులో దూర్చే జాయింట్లు, వాటిని అనుమానించండి. వాన, ఉప్పు, బురద అన్నీ తగిలేది వాటికే.

దొరికాక? బ్యాటరీ ఎర్త్ ముందు విప్పండి, అన్నిటికంటే ముందు అదే. బోల్టు తీసి, కింద పెయింటు గీకి, గరుకు కాగితంతో రేకు తళతళలాడేదాకా రుద్దండి. పళ్ళున్న వాషర్ వేయండి, బిగించండి, ఆ తర్వాత పైన వాజలైన్ పూయండి. బిగించాక పూయాలి సుమా. బుల్లెట్ కనెక్టర్లు కొత్త తొడుగులతో మార్చేయండి, వాటి ఖరీదు పెన్నీల్లో ఉంటుంది. పానాల విషయం కూడా చెప్పేస్తా: ఈ బండి బోల్టులు ఎక్కువగా అంగుళాల లెక్క. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. మీ ఇంట్లో ఉన్న 13 నంబరు పానా ఎక్కుతుంది, జారుతుంది, బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది. అంగుళాల పానాల సెట్టు ఒకటి కొనుక్కోండి.

రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు, పెట్టమని రాసినవాళ్ళకి: పెట్టండి, మంచి పనే. హెడ్‌లైటు కరెంటంతా స్విచ్చుల్లోంచే పోతుంది కాబట్టి వాటికి విశ్రాంతి. కానీ ఎర్త్ శుభ్రం చేయకుండా రిలే పెడితే ఉపయోగం సగమే. వైరింగు మొత్తం పీకేసి కొన్ని వందల పౌండ్లు పెట్టి కొత్తది వేయించుకున్నవాళ్ళకి: దీపాలు బాగుపడ్డాయా, బాగుపడ్డాయి. ఎందుకంటే కొత్త వైరింగు వేసినవాడు ఎర్త్ బోల్టులన్నీ విప్పి మళ్ళీ బిగించాడు!

ఈ గొడవ ఇంత పట్టుకోవడానికి నాకో కారణం ఉంది. 2018 మే నుంచి బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని బళ్ళకి ఏటా ఎంఓటీ, అంటే బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో చూసే పరీక్ష, అక్కర్లేదు. అంటే మీ బ్రేక్ లైటు వెనకవాడికి కనిపిస్తోందో లేదో చూసేవాడు మీరు తప్ప ఇంకెవరూ లేరు. బ్రేకు నొక్కితే ఇండికేటర్ మిణుకుమంటోందా? అది వెనక దీపం గూటి ఎర్త్. "పాత బండి కదా, లూకాస్ కదా" అని నవ్వి వదిలేస్తే రాత్రిపూట వర్షంలో వెనకనుంచి లారీ వస్తుంది.

కాబట్టి తిట్లు వద్దు, అంకెలు పెట్టండి. ఈ వారాంతం మీటరు తీసి ముందు దీపాలు, వెనక దీపాలు, పెట్రోల్ పంపు, మూడు చోట్లా ఎర్త్ నష్టం ఎన్ని వోల్టులో కొలిచి కామెంట్లో రాయండి. బండి ఏ సంవత్సరానిదో కూడా రాయండి, 1967 దాకా వచ్చినవైతే పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి, ఉండొచ్చు, ముల్లులు తిరగేసి పట్టుకోవాలి. మూడు చోట్లా 0.2 లోపే వచ్చి, అయినా దీపం మసకే అన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ కామెంటు పైన పిన్ చేసి, వచ్చే వీడియో మొత్తం మీ బండి మీదే చేస్తా.