ఊరెళ్ళాడని చెప్పకండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలు దానికే సరిపోతాయి, ఏమీ అనుకోకండి. "పిల్లల దుఃఖం, పెద్దల పాత్ర" అని టాపిక్ ఇచ్చారు, పాయింట్లు రాసుకొచ్చా కూడా, కానీ ముందు ఒక మాట చెప్పేస్తా, లేకపోతే మిగతావేవీ నోట్లోంచి రావు.

నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్న పోయారు. నాకు మాత్రం ఊరెళ్ళాడు, వస్తాడు అన్నారు. ఇంటినిండా జనం, అమ్మ ఏడుస్తోంది, నేను గదిలోకొస్తే చాలు అందరూ మాటలాపేసేవాళ్ళు. ముందురోజు ఏదో అలకలో "పో, నాతో మాట్లాడకు" అన్నా నాన్నని. అందుకే వెళ్ళిపోయాడని ఫిక్సైపోయా. ఈ సంగతి అమ్మకి చెప్పింది ఇరవై దాటాకేనండి!

ఆ వయసు పిల్లలు ఇలా నావల్లే అనుకోవడం మామూలేనని తర్వాత చదివి తెలుసుకున్నా. మరియా నాగీ అని ఒక సైకాలజిస్ట్ హంగరీ పిల్లలతో మాట్లాడి 1948లో రాసింది, ఐదేళ్ళలోపు వాళ్ళు చావంటే నిద్రో ప్రయాణమో అనుకుంటారని. వాళ్ళే అలా అనుకుంటుంటే మనం కూడా ఊరెళ్ళాడనే చెప్తే ఎలా అండి? నిద్రపోయాడంటే ఇంకా ఘోరం, కొంతమంది పిల్లలు రాత్రి కళ్ళు మూయడానికే భయపడతారు. చనిపోయారు, ఇక రారు, నీ తప్పేం లేదు అని చెప్పండి. పదిసార్లు అడుగుతారు, పదిసార్లూ చెప్పండి. ఐదు నిమిషాలకే ఆడుకోడానికి పరిగెడితే "వీడికి బాధే లేదు" అనకండి, పిల్లల ఏడుపు అలా వచ్చి పోతుంటుంది, ఎప్పుడో మళ్ళీ వస్తుంది.

మా అన్నయ్యకి అప్పుడు పద్నాలుగు. వచ్చిన ప్రతివాళ్ళూ "ఇక ఇంటికి నువ్వే దిక్కు, ఏడవకూడదు" అన్నారు. వాడు ఏడవలేదు. ఇప్పటికీ ఏడవలేదు. ఆ మాట అన్నవాళ్ళ మీద నాకింకా కోపమే, సరే, టాపిక్ లోకొద్దాం.

ఇక్కడ టీచర్లు ఎంతమంది? ఓసారి చేతులెత్తండి... మీకోసమే ఇది. మా క్లాసు సారు మూడు రోజులు ఇంటర్వెల్ లో నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు, ఏమీ అడగలేదు, నా పెన్సిళ్ళు చెక్కిపెట్టారంతే. నాలుగోరోజు నేనే అడిగా, సార్, నాన్న ఎప్పుడొస్తాడు అని. "రారు నాన్నా, చనిపోయారు" అన్నారు. ఏడ్చా. బెల్లు కొట్టారు, అందరూ క్లాసులోకి వచ్చేస్తున్నారు, సారు మాత్రం లేవలేదు.