అడిగే పని ఎవరిది?

(మార్చి 20, ఫ్రెంచి మాట్లాడేవారి పండుగైన అంతర్జాతీయ ఫ్రాంకోఫోనీ దినోత్సవం సందర్భంగా హైదరాబాద్‌లో ఫ్రెంచి విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, నన్ను గుర్తు పెట్టుకుని పిలిచిన నిర్వాహకులకు, సెలవు కాకపోయినా వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఇలాంటి సభల్లో యానాం గురించి, అక్కడ 1954 దాకా సాగిన ఫ్రెంచి పాలన గురించి, మలక్‌పేట వైపున్న ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి గురించి కాసేపు గర్వంగా చెప్పుకోవడం మనకు ఆనవాయితీ. ఈసారి ఆ భాగం వదిలేస్తున్నాను. రేమండ్ గారు నిజాం సైన్యానికి తర్ఫీదు ఇచ్చారు గానీ, మీ చేత ఫ్రెంచి మాట్లాడించడం ఆయన వల్ల కాదు.

ఉచ్చారణ, వినికిడి, పదసంపద, సంభాషణ అని కాగితం మీద నాలుగు అంశాలు రాసుకుని వచ్చాను. వరుసగా చెబుదామనే అనుకున్నాను. అయితే ఇందాక టీ దగ్గర ఒక అమ్మాయి వచ్చి, "మేడమ్, బి1 అయిపోయింది. సబ్జోంక్తిఫ్ కూడా బాగా వచ్చు. మాట్లాడాలంటే మాత్రం గొంతు పెగలదు. ఇంకే వ్యాకరణ పుస్తకం చదవమంటారు?" అని అడిగింది. బి1 అంటే భాషలో మధ్యస్థ స్థాయి, సబ్జోంక్తిఫ్ అంటే కోరికా సందేహమూ చెప్పే ఒక క్రియారూపం. ఆ మాట విన్నాక కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

ఇంకో పుస్తకం వద్దమ్మా. నీకు వచ్చిన వ్యాకరణంలో పదో వంతు కూడా నీ నోటికి ఎక్కలేదు. అందులో నీ తప్పేమీ లేదు. మన దగ్గర ఫ్రెంచి మొదలయ్యే చోటే ఆ తిరకాసు ఉంది.

ఇంటర్‌లో రెండో భాష ఎంచుకోవాలి. తెలుగు తీసుకుంటే మార్కులు తగ్గుతాయని భయం. అందుకని సంస్కృతమో, ఫ్రెంచో. నేను చాలా ఏళ్లు ఈ పాఠమే చెప్పాను. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులు నా బల్ల ముందు నిలబడి అడిగేది ఒకటే: "ఎన్ని పడతాయి మేడమ్?" రెండేళ్లు చదివాక మా వాడు ఫ్రెంచిలో ఏం మాట్లాడగలడు అని అడిగిన తండ్రిని నేను చూడలేదు. ఖాళీలు పూరించు, క్రియ సరైన రూపం రాయి, పాఠం చదివి జవాబులు రాయి. 100కి 98 తెచ్చుకున్న పిల్లలు ఉన్నారు. ఆ రెండేళ్లలో వాళ్లు ఎవరినీ ఫ్రెంచిలో ఒక్క ప్రశ్న అడిగి ఉండరు. అడగడం పంతులమ్మ పని, జవాబు చెప్పడం పిల్లల పని. ఇది ఫ్రెంచికే పరిమితమైన జబ్బు కాదనుకోండి, మన చదువులన్నిటికీ ఉంది. కానీ భాష దగ్గర అది నిలువునా ముంచుతుంది. సంభాషణ అంటే సగం అడగడమే కదా!

మీలో కెనడా కోసం నేర్చుకుంటున్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగానికి పైనే. కెనడా వలస కోసం రాసే ఫ్రెంచి పరీక్ష టెఫ్ కెనడాలో మాట్లాడే పరీక్ష 15 నిమిషాలు. అందులో మొదటి 5 నిమిషాలు ఏమిటి? మీ చేతిలో ఒక ప్రకటన పెడతారు. అద్దెకు ఇల్లో, ఈత తరగతులో. ఎదురుగా ఉన్నవారు ఫోనులో అవతలి మనిషి అనుకుని వివరాలన్నీ మీరే రాబట్టాలి. మనవాళ్లు ధర అడుగుతారు, చిరునామా అడుగుతారు, "మెర్సీ", అంటే ధన్యవాదాలు, అనేస్తారు. ఇంకా మూడున్నర నిమిషాలు మిగిలే ఉంటాయి! రెండో భాగంలో 10 నిమిషాలు స్నేహితుణ్ణి ఒప్పించాలి. వాదించడం మనకు వచ్చు, దానికి బెంగ లేదు. బెంగంతా అడగడం దగ్గరే.

అడిగినా పుస్తకం పద్ధతిలో అడుగుతారు. కొట్టు ఎప్పుడు మూస్తారో తెలుసుకోవడానికి "ఆ కెల్ ఎర్ ఫెర్మే వు?" అంటారు. తప్పు లేదు, ఉత్తరంలో రాస్తే బాగుంటుంది. నోటితో అయితే "వు ఫెర్మే ఆ కెల్ ఎర్?" చాలు. మామూలు వాక్యమే, చివర గొంతు కాస్త లేపితే ప్రశ్న. స్టేషన్ ఎక్కడా? "సె ఊ, లా గార్?" ఇంత సులువైన దారి ఉంటే, కర్తను క్రియ వెనక్కి తిప్పే ఆ తంటా ఎందుకు?

పారిస్‌లో రొట్టెల కొట్టుకు వెళ్లారనుకోండి. ముందు "బోంజూర్" అనాలి. అనకుండా నేరుగా రొట్టె అడిగితే కొట్టు ఆమె ముఖం మాడ్చుకుంటుంది. అన్నారు, "ఊన్ బగెత్, సిల్ వు ప్లే" అని కూడా అన్నారు. ఆమె రొట్టెను కాగితంలో చుడుతూ తల ఎత్తకుండా "ఎ అవెక్ సెసి?" అంటుంది. బి1 చదివినవాళ్లు అక్కడ ఆగిపోతారు. ప్రతి పదమూ తెలుసు, అడిగిందేమిటో తెలియదు. ఇంకేమైనా కావాలా అని. "స స్రా తూ", ఇంతే చాలు, అంటే పని అయిపోతుంది. ఇలాంటివి ముక్కలు ముక్కలుగా కాదు, మొత్తంగా నోటికి రావాలి. పుస్తకంలో "జ న సే పా" (నాకు తెలియదు) అని ఉన్నది వీధిలో "షే పా" అవుతుంది. మధ్యలో ఉన్న "న" ఏమైందని వెతక్కండి, మాటల్లో అది సాధారణంగా వినపడదు. ఫ్రెంచి రేడియో ఆర్ఎఫ్ఐ వారి సులభ ఫ్రెంచి వార్తలు రోజూ 10 నిమిషాలు వస్తాయి. వినండి. వింటూ, వాళ్ల వెనకే పైకి అనండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

చీటీ పంపారు, ఐదు నిమిషాలే ఉన్నాయట. గ్వాన్ గారి కథ చెప్పకుండా మాత్రం దిగను. ఫ్రాన్స్వా గ్వాన్ అని, పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి లాటిన్ మాస్టారు. జర్మన్ నేర్చుకోవాలని హాంబర్గ్ వెళ్లారు. ఊరి నిండా జర్మన్ మాట్లాడేవాళ్లే. ఈయన మాత్రం గది తలుపు వేసుకుని వ్యాకరణం, నియమం ప్రకారం మారని 248 క్రియలు కంఠతా పట్టారు. తరగతికి వెళితే ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్లీ గదిలోకి వెళ్లి ధాతువులు పట్టారు. ఊహూఁ. చివరికి నిఘంటువే మింగారు, ఒక నెలలో 30,000 పదాలు! కళ్లు దెబ్బతిన్నాయి గానీ జర్మన్ రాలేదు. ఓడిపోయి ఇంటికి వస్తే, ఇంట్లో మూడేళ్ల పిల్లవాడు ఆ కొద్ది నెలల్లోనే ఫ్రెంచి గలగలా మాట్లాడేస్తున్నాడు. ఒకరోజు ఆ బాబుకు పిండిమర చూపించారు. ఇంటికి వచ్చాక వాడు కనపడిన ప్రతివాళ్లకూ అదే చెప్పాడట. బస్తాలు నింపారు, మోశారు, చక్రం తిరిగింది, పిండి రాలింది. చెప్పిందే చెప్పి, తర్వాత బొమ్మ మర పెట్టుకుని ఆ పనులన్నీ చేస్తూ మళ్లీ చెప్పాడు. దాన్నుంచి గ్వాన్ ఒక బోధనా పద్ధతి అల్లి 1880లో అచ్చు వేశారు. "తలుపు వైపు నడుస్తాను, తలుపు దగ్గరికి వస్తాను, గడియ తీస్తాను" అంటూ సాగుతుంది. మొత్తం పాటించమని నేను అనను, విసుగు పుడుతుంది. మాస్టారిని వదిలేసి ఆ పిల్లవాణ్ణి పట్టుకోండి.

ఒకే సంగతిని ముగ్గురికి చెప్పాలి. మొదటివారికి నాలుగు నిమిషాల్లో, రెండోవారికి మూడు, మూడోవారికి రెండు. సంగతి మారదు కాబట్టి ఏం చెప్పాలా అనే వెతుకులాట తగ్గుతుంది, మాట జారుతుంది. భాషా బోధనలో ఇది తెలిసిన అభ్యాసమే. నేను చేర్చేది ఒక్కటే: వినేవాళ్లు ఊరికే తల ఊపకూడదు, మధ్యమధ్య ప్రశ్నలు వేయాలి.

మిగతా మూడు అంశాలు ఇంకోసారి పిలిస్తే చెబుతాను. ఇప్పుడు పక్కవాళ్ల వైపు తిరగండి. ఈ రోజు ఇంటి నుంచి ఇక్కడికి ఎలా వచ్చారన్నదే సంగతి. కుడివైపు ఉన్నవాళ్లు అడగాలి, ఎడమవైపు ఉన్నవాళ్లు చెప్పాలి. ఇంగ్లీషు వద్దు, పదం తట్టకపోతే చేత్తో చూపించండి. అధ్యక్షుల వారూ, మీరు కూడా ఇటు తిరగాలి. నాలుగు నిమిషాలు. కానివ్వండి.